అక్క పేరు మీద గది

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం కులాసా, అత్తయ్యగారి ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. సముద్రం మధ్య చమురు తవ్వే ఆ ఇనుప దిబ్బ మీద మీరూ కులాసాగా ఉన్నారని, వెల్డింగు చేసేటప్పుడు కళ్ళకు అద్దం పెట్టుకుంటున్నారని తలుస్తాను. పెట్టుకోకపోతే ఆ సంగతి మాత్రం నాకు రాయకండి, ఇక్కడ నిద్ర పట్టదు.

మీ ఉత్తరం అందింది. పడవ దిగి, మీ కంపెనీ ఆఫీసులో కొన్నాళ్ళు సేదదీరి, మెల్లగా ఇల్లు చేరింది. ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అని రాశారు. ఫోన్లో నేను నాలుగు మాటలు చెబితే మీరు ఒక "ఊఁ" అంటారు, ఆ "ఊఁ" సగంలో ఉండగా సిగ్నల్ పోతుంది. కాగితం మీదైతే నా మాటకు అడ్డం ఉండదు. ఈసారి చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉంది. తీరిగ్గా కూర్చుని చదవండి, డ్యూటీకి వెళ్ళేముందు మాత్రం వద్దు.

ముందు మీ ప్రశ్నలు. మీ సెలవుల్లో మనం వెళ్ళే ద్వీపానికి అత్తయ్యగారూ వస్తారా అని అడిగారు. రారట. "డబ్బు పోసి వెళ్ళి ఇసకలో పొర్లడమేమిటే? మన వీధి చివర ఇల్లు కడుతున్నారు, లారీడు ఇసక పోసి ఉంది, వెళ్ళి పొర్లండి" అన్నారు. మనం లేని నాలుగు రోజులూ వదినగారింట్లో ఉంటారు. మెట్లెక్కే పని లేకుండా కింది గదిలో పక్క వేయమని వదినగారికి చెప్పాను. మాత్రలు నేనే సర్దిపెడతాను.

పిచ్చుకకు ఈత వచ్చిందా అన్నారు. నీళ్ళలోకి దిగడం వచ్చింది, గట్టు వదలడం రాలేదు. ఈత నేర్పే ఆవిడ "వదిలెయ్ అమ్మా, నేను పట్టుకుంటాను" అంటుంది. మన పిల్ల "మీరు ముందు పట్టుకోండి, అప్పుడు వదుల్తాను" అంటుంది. ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. పదేళ్ళు వచ్చినా దానికి ఒట్టి మాట మీద నమ్మకం లేదు, అచ్చం మీ పోలికే.

గది నీళ్ళ మీదా, ఒడ్డు మీదా అని అడిగారు. ఒడ్డు మీదే. నీళ్ళ మీది గదుల్లో నేలకు అద్దం ఉంటుందట, కింద చేపలు కనిపిస్తాయట. కాళ్ళ కింద సముద్రం కదులుతుంటే మీకు సెలవులో ఉన్నట్టుండదు, డ్యూటీలో ఉన్నట్టుంటుంది. ఏళ్ళ తరబడి సముద్రం మీద బతుకుతూ ఈ ఉద్యోగంలో చేరాక దాన్ని ఒక్కసారి కూడా కాలితో తాకలేదని, ఇనుప జల్లెడలోంచి కిందికి చూడటమే తప్ప అని మీరే కదా అన్నది. మనం తీసుకున్న గది మెట్లు దిగితే ఇసక, ఇసక దాటితే నీళ్ళు. మీరు అటు నుంచి అటే వస్తారు కాబట్టి మా ఇద్దరికీ రేవు నుంచి పడవ మాట్లాడాను. మీరు మాకంటే ముందే అక్కడ ఉంటారు.

బట్టల సంగతి నాకు వదిలేయండి. లాండ్రీలో జేబులు దులిపేది నేనే కాబట్టి, అలాంటి చోట్లకు వెళ్ళొచ్చినవాళ్ళ జేబుల్లో ఇసక చూసి చూసి ఏవి పనికొస్తాయో తెలిసిపోయింది. మీ తెల్ల ప్యాంటు తేను. ఉప్పునీళ్ళు పడ్డ బట్టను ఆరకముందే మంచినీళ్ళలో జాడించకపోతే మరక అంచు కట్టి కూర్చుంటుంది. మా ఇస్త్రీ బాబాయి మీ చొక్కాలు తనే చేసిపెడతానన్నాడు. అక్కడికెళ్ళాక ఎలాగూ నలుగుతాయి కదా బాబాయ్ అంటే, "నలగడానికైనా ముందు ఇస్త్రీ ఉండాలమ్మా" అన్నాడు.

ఇక మీ చివరి ప్రశ్న. మొన్నటి ఫోన్లో నా గొంతు మారినట్టుంది, జలుబు చేసిందా అని అడిగారు. జలుబు లేదు. దానికి జవాబు రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, మొదలుపెట్టి ఇంతసేపూ నీళ్ళు నములుతున్నాను.

ఆ ద్వీపం అక్క కోరిక అని మీరు నాకు చెప్పలేదు. అత్తయ్యగారు చెప్పారు. నేను రిసార్టు ఫోటోలు చూపిస్తుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అదీ ఇదే చోటు అడిగేది, పాపం. అంతా సిద్ధం చేసుకున్నాక మంచం పట్టింది" అన్నారు. అని, అటక మీది ఆకుపచ్చ పెట్టె దింపించారు. అక్క ఆ ప్రయాణం కోసమే కొన్నదట. పిడికి కొట్టువాళ్ళ అట్టముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. తెరిస్తే లోపల ఒకే ఒక్క వస్తువు, రెండేళ్ళ పిల్లకు సరిపోయే ఎండ టోపీ. పిచ్చుక దాన్ని నెత్తిన పెట్టుకుంటే డబ్బా మూతలా నిలబడింది. అది నవ్వింది, నేను నవ్వాను, అత్తయ్యగారు లేచి వెళ్ళిపోయారు.

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. ఆ రోజంతా గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి. మీరు నన్ను తీసుకెళ్తున్నారా, లేక అక్కకు ఇవ్వలేకపోయిన సెలవును నా చేతిలో పెడుతున్నారా అని అడగాలనిపించింది. అడగడానికి మీరు ఎదురుగా లేరు. ఉన్నా అడిగేదాన్ని కాదేమో.

చూడని మనిషిని అక్క అనడం ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే అత్తయ్యగారు నేర్పారు. "నీకంటే ముందు ఈ ఇంటికి కోడలిగా వచ్చింది కాబట్టి నీకు అక్కే" అన్నారు. పోయినావిడతో వరస కలపడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉండేది, తరవాత నాలుకకు అలవాటైంది. ఇల్లంతా అక్క పొడుగుకు అమర్చినది. వంటింటి పై అర నాకు అందదు, ఇప్పటికీ స్టూలు వేసుకునే డబ్బాలు దించుతాను. దాన్ని కిందికి దింపించడానికి మీరు వడ్రంగిని పిలుస్తానంటే నేనే వద్దన్నాను, గోడ పాడవుతుందని. అది సాకు. అక్క పెట్టించిన అరను కదిపితే మీ ముఖంలో ఏం కనబడుతుందోనని నా భయం.

గ్యాసు అక్క పేరు మీదే వస్తుంది. పాలు, పేపరు, ఇంటి ఫోను, అన్నీ ఆ పేరు మీదే. గుమ్మంలో నిలబడి ఎవరు ఆ పేరు పిలిచినా "ఆఁ" అని నేనే వెళతాను. కొత్తలో సరిదిద్దేదాన్ని. సరిదిద్దితే "మరి ఆవిడ?" అంటారు. చెప్పాలి. చెబితే "అయ్యో" అంటారు. ఆ "అయ్యో" పిచ్చుక చెవిన పడుతుంది. అందుకని మానేశాను. పాలు పుచ్చుకోవడానికి పేరుతో పనేముంది అనుకున్నాను.

రిసార్టుకు ఫోన్ చేసిన రోజు జరిగింది అదే. అవతల ఒక అమ్మాయి, మాటలో నవ్వున్న మనిషి, "గది ఎవరి పేరు మీద రాయమంటారు మేడం?" అంది. నేను తడుముకోకుండా అక్క పేరు చెప్పాను. ఇంటి నుంచి ఫోన్లో ఏది అడిగినా ఆ పేరే చెబుతాను కదా, అదే వచ్చింది. ఫోన్ పెట్టేసి, పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టాక గాని తెలిసిరాలేదు, లేని మనిషికి గది తీసుకున్నానని.

మర్నాడు చేసి మార్పిద్దామనుకున్నాను. ఈలోగా ఆ అమ్మాయే చేసింది. అక్క పేరు పెట్టి పలకరించింది. గ్యాసు మనిషి కేక వేరు, ఇది వేరు. మీకోసమే ఎదురుచూస్తున్నాం అన్నట్టు పిలిచింది. నన్నెవరూ అలా పిలవలేదు. నేను పలికాను.

సముద్రం దగ్గరకు రావడం ఇదే మొదటిసారా మేడం అని అడిగింది. నేను సముద్రం మొహం చూడలేదని మీకు తెలుసు. "లేదండీ, ఇంతకుముందు ఒకసారి వచ్చాను" అన్నాను. అలకు ఒక చెప్పు కొట్టుకుపోయిందని, ఒంటి చెప్పుతో ఏం చేస్తానని రెండోదీ విసిరేశానని, కాళ్ళు కాలకుండా రోడ్డు దాకా మా ఆయన ఎత్తుకుని తీసుకొచ్చారని చెప్పాను. మన పెళ్ళైన కొత్తలో అక్క గురించి మీరు చెప్పిన కథే. చెప్పి, ఎందుకు చెప్పానా అని బాధపడి, మళ్ళీ ఎప్పుడూ ఎత్తని కథ. అందులో నేను ఎక్కడా "ఆవిడ" అనలేదు. "నేను" అన్నాను. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. ఇంకేమైనా కావాలా అంటే, అడగందే అమ్మయినా పెట్టదు కదా అని, మంచం కిటికీ పక్కన వేయమన్నాను, కిటికీ తెరిస్తే గాని నాకు నిద్ర పట్టదని. నిజానికి నాకు గాలి తగిలితే చెవి పోటు వస్తుంది. కిటికీ తెరుచుకుని పడుకునే అలవాటు అక్కది.

ఫోన్ పెట్టి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో అత్తయ్యగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఎవరొచ్చారే?" అన్నారు. ఎవరూ రాలేదు, నేనే ఫోన్లో మాట్లాడుతున్నాను అన్నాను. ఆవిడ నా వంక చూసి, నా వెనక్కి చూసి, "అచ్చం..." అని ఆగిపోయారు. తరవాత అక్క పేరుతో నన్ను పిలిచి మంచినీళ్ళు అడిగారు. అలా నోరుజారడం కొత్త కాదు, జారాక నాలిక కరుచుకుంటారు. ఆ రోజు కరుచుకోలేదు.

నీళ్ళిచ్చి వెనక్కి తిరిగితే, పై అర మీది పంచదార డబ్బా కింద గట్టు మీద ఉంది. స్టూలు మూలన దాని చోటులోనే ఉంది. ఫోన్లో మాట్లాడుతూ నేనే దించానేమో. ఎలా దించాను? అత్తయ్యగారా అంటే, ఆ మోకాలితో మునివేళ్ళ మీద నిలబడలేరు. అడగలేదు. డబ్బా మళ్ళీ పైన పెట్టడానికి నాకు స్టూలు కావలసి వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఏదో ఒక వంక పెట్టుకుని నేనే ఫోన్ చేయడం మొదలుపెట్టాను. దోమతెర ఉంటుందా అని ఒకసారి, పడవలో పిల్లలకు తేలే జాకెట్టు ఇస్తారా అని ఒకసారి. అసలు సంగతి అవేమీ కాదు. ఆ పేరుతో పిలిపించుకుని మాట్లాడుతుంటే నాకు బాగుండేది. ధైర్యం వచ్చేది, హాస్యం వచ్చేది. ఎవరి తరవాతా రెండోది కాని మనిషి ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడేదాన్ని. మీరు ఫోన్లో విన్నది ఆ గొంతే. ఆ సాయంత్రం ఆ అమ్మాయితో మాట్లాడి పెట్టగానే మీ ఫోన్ వచ్చింది. గొంతు మార్చుకోవడం మరిచిపోయాను.

ఇదంతా నేనొక్కదాన్ని పడే పిచ్చి అయితే మీకు రాసేదాన్ని కాదు, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని ఊరుకునేదాన్ని. ఒకరోజు పిచ్చుక బడి నుంచి తొందరగా వచ్చింది. నేను చూసుకోలేదు. "అదంతా మా పాప పుట్టకముందు సంగతండీ" అని ఫోన్లో నవ్వుతున్నాను. పెట్టేసి చూస్తే, సంచీ వీపున తగిలించుకునే బల్ల పక్కన కింద కూర్చుని ఉంది.

"అమ్మ ఇలాగే మాట్లాడేదా?" అంది.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను శుభ్రంగా ఉన్న ఫోనును తుడవడం మొదలుపెట్టాను. నాకు తెలీదు, నేను వినలేదు అన్నాను.

"నేను విన్నా. గుర్తులేదు" అంది. సంచీ పట్టీ లాక్కుంటూ, "ఇంకొంచెం మాట్లాడు" అంది.

మాట్లాడాను. ఏమంత గొప్ప మాటలు కావు. సంచీ తియ్యవే వీపు నొప్పెడుతుంది, చేతులు కడుక్కో, సాక్సులు ఎక్కడ పడితే అక్కడ విసరకు. రోజూ నేను అనేవే, రోజూ అది విననివే. ఆ గొంతుతో అంటే కళ్ళు మూసుకుని వింది. అప్పుడు అడిగింది. "అక్కడ మన గురించి ఎవరికీ తెలీదు కదా పిన్నీ. గది కూడా అమ్మ పేరు మీదే ఉంది కదా. ఆ నాలుగు రోజులూ నువ్వు అమ్మగా ఉంటావా? నేను అమ్మా అని పిలుస్తాను."

ఏమండీ, ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను ఆ పిలుపు కోసం ఎదురుచూస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, మీకు కూడా. దానికి జడ వేస్తున్నప్పుడు, జ్వరమొచ్చి నన్ను పట్టుకుని పడుకున్నప్పుడు, ఇప్పుడు పిలుస్తుందేమో అనుకునేదాన్ని. పిన్ని అని పిలవమని నేర్పింది మీరే. అది న్యాయమే, నేను కాదనను. కానీ ఆశ న్యాయం చూసుకుని పుట్టదు. ఇన్నేళ్ళకు పిలుస్తానంది. పిలిచేది మాత్రం ఇంకొకరిని. నేను సరే అన్నాను.

ఇంట్లో అలవాటు కూడా చేసుకున్నాం. అత్తయ్యగారు పక్కింటికి వెళ్ళినప్పుడు అది అవతలి గదిలోంచి "అమ్మా" అంటుంది, నేను "ఆఁ" అంటాను. మొదట ఇద్దరికీ నవ్వొచ్చేది. తరవాత నవ్వు రావడం మానేసింది.

ఆ తరవాత ఒకరోజు లాండ్రీలో మా యజమాని నన్ను నా పేరుతో పిలిచాడు. ఆవిరి చప్పుడుకు వినబడలేదేమోనని దగ్గరకొచ్చి మళ్ళీ పిలిచాడు. నాకు రెండుసార్లూ వినబడింది. ఎవరినో పిలుస్తున్నాడనుకుని దుప్పట్లు మడుస్తూనే ఉన్నాను. ఇస్త్రీ బాబాయి వచ్చి "ఏమ్మా, నిన్నే" అంటే గాని తెలియలేదు. ద్వీపానికి పడవ ఎక్కేది నేనా, ఆవిడా? ఆవిడ ఎక్కితే తిరిగి వచ్చేది ఎవరు? రేవులో ఆ గొంతు విని మీరు భయపడతారేమో అన్నది కాదు నా బెంగ. మీరు సంతోషిస్తారేమోనని.

నిన్న పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని రిసార్టుకు ఫోన్ చేశాను. దానికి తెలియకుండా మార్చడం దొంగతనం అవుతుందనిపించింది. గది పేరు మార్చాలండీ అన్నాను. నా మామూలు గొంతుతో అన్నాను, అందుకే ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టలేదు. నా పేరు చెప్పాను. కొత్త చెప్పుల్లో కాలు పెట్టినట్టు ఉంది.

"అయ్యో, మేడం రావడం లేదా?" అంది. నిజంగానే దిగులుపడింది. "ఎంత బాగా మాట్లాడేవారండీ."

"లేదండీ. ఆవిడ రారు" అన్నాను.

"ఏమైనా ఇబ్బంది వచ్చిందా? పోనీ తరవాతెప్పుడైనా రమ్మనండి."

"ఇక రారండీ."

ఆ అమ్మాయి మాటలో నవ్వు తగ్గింది. తరవాత మెల్లగా, "మీరు ఆవిడకి ఏమవుతారు?" అని అడిగింది.

"చెల్లెల్ని" అన్నాను.

"మంచం కిటికీ పక్కనే వేయించామండీ. అక్కణ్ణుంచి తీయించమంటారా?"

"ఉండనివ్వండి. పాప పడుకుంటుంది" అన్నాను.

ఇన్నేళ్ళలో మన ఇంట్లో ఎవరమూ ఆ మాట పైకి అనలేదు. అక్క పోయింది అంటాం, లేదు అంటాం. రాదు అని మాత్రం మీరు అనలేదు, అత్తయ్యగారు అనలేదు, నేను అనలేదు. పాలూ పేపరూ ఆవిడ పేరు మీదే ఉంచి, ఎప్పుడైనా వస్తే ఇబ్బంది పడకూడదన్నట్టు బతుకుతున్నాం. ఆ మాట నా నోట వచ్చాక అక్క కోసం నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. అంతవరకు ఆవిడ మీద నాకు ఉన్నది అసూయ, భయం. ఏడుపు లేదు.

పిచ్చుక అంతా వింది. "అమ్మ ఇక రాదా?" అంది. అక్క పోయినప్పుడు అడగడానికి దానికి మాటలు రావు కదా, అప్పటి ప్రశ్న ఇప్పుడు అడిగింది. రాదమ్మా అన్నాను. నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. దాన్ని అంతలా ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు. "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. ఆ పిలుపు ఎవరికో నాకు తెలుసు. ఈసారి నేను పలకలేదు. వీపు నిమురుతూ కూర్చున్నాను, అది తనివితీరా పిలుచుకుంది. సాయంత్రం మొహం కడుక్కుని వచ్చి, "పిన్నీ, ఆకలేస్తోంది" అంది.

ఇక మీతో ఒక్క మాట. మన పెళ్ళైన నెలలోనే మీరు ఒకసారి పొరపాటున నన్ను అక్క పేరుతో పిలిచారు. గుర్తుందో లేదో. నేను ఏమీ అనలేదు, మీరే వారం రోజులు నా మొహం చూడలేకపోయారు. అప్పటి నుంచి మీరు నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. "ఇదిగో", "విన్నావా", "ఏమోయ్", అంతే. మళ్ళీ నోరు జారుతుందని మీ భయం. అది నా మీద ప్రేమతోనే అని కూడా నాకు తెలుసు. కానీ దానివల్ల ఈ ఇంట్లో పలికే పేరు అక్కది ఒక్కటే అయింది.

మా పడవ వచ్చేసరికి మీరు ఆ ద్వీపం రేవులో నిలబడి ఉంటారు. మేం దిగకముందే నన్ను పేరు పెట్టి పిలవండి, పిచ్చుక వినేలా, పక్కనున్నవాళ్ళు వినేలా. ఇన్నేళ్ళ అలవాటు కదా, ముందు అక్క పేరు వస్తే రానివ్వండి. మింగేయకండి, పూర్తిగా పలకండి. ఆ తరవాత నాది పలకండి. నేను మొదటి పిలుపుకు కదలను, రెండోదానికి తిరిగి చూస్తాను.

ఇట్లు,
పిచ్చుక పిన్ని,
మీ భార్య